అమ్మకు ఇంటిపేరు

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమనేవారు మన పెద్దలు. వెనకటికి కాశీప్రయాణం పెట్టుకున్నవాళ్ళు ఆస్తులు పంచి, అప్పగింతలు పెట్టి, ఊరందరిచేతా కన్నీళ్ళు పెట్టించి మరీ కదిలేవారట. ఇప్పుడు కాశీ ఒక లెక్కలోది కాదు. పొద్దున విమానం ఎక్కితే మధ్యాహ్నానికి గంగలో మునగవచ్చు. ఆ పాత తతంగమంతా ఇప్పుడు అమెరికా ప్రయాణానికి వచ్చిపడింది. తేడా ఒక్కటే. వెనకటి తతంగం ఇంటి అరుగుమీద జరిగేది. ఇప్పటిది కంప్యూటరు ముందు జరుగుతుంది.

మా అమ్మకు డెబ్బయి నాలుగేళ్ళు. అమెరికా చూడాలని ఆవిడకు ఏ కోశానా లేదు. నయాగరా అంటే, "మన పోలవరం దగ్గర గోదారి చూశాను, చాల్లే" అంటుంది. ఆవిడ చూడాలనుకున్నది మా చెల్లెల్ని.

చెల్లెలు 2019లో వచ్చి వెళ్ళింది. ఆ తరువాత రాలేదు. రాలేకపోయింది అనాలి. 2021 మే నెలలో కరోనా రెండో విడత ముంచెత్తినప్పుడు మా నాన్నగారు పోయారు. సరిగ్గా ఆ నెల 4వ తేదీ నుంచే ఇండియానుంచి వచ్చేవాళ్ళను అమెరికాలోకి రానివ్వరాదని అక్కడి అధ్యక్షుడి ఉత్తర్వు అమలులోకి వచ్చింది. చెల్లెలు బయల్దేరితే ఇక్కడికి రావడానికి అడ్డులేదు. తిరిగి భర్తా పిల్లల దగ్గరికి ఎప్పుడు వెళ్తుందో చెప్పేవాడు లేడు. ఆ ఉత్తర్వు నవంబరు 8న గాని ఎత్తివెయ్యలేదు. నాన్నగారిని సాగనంపడం అది ఫోనులోనే చూసింది. నేను చితిదగ్గర ఉన్నాను గనక ఫోను మా అబ్బాయి పట్టుకున్నాడు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరమూ ఎత్తుకోము.

తరువాతైనా రావచ్చు కదా అంటారు చదువరులు. దాని పాస్‌పోర్టులో ఉద్యోగపు వీసా ముద్ర గడువు తీరిపోయింది. అక్కడ ఉన్నంత కాలం కాగితాలు సక్రమమే. దేశం దాటి బయటికి వస్తే మాత్రం మళ్ళీ ముద్ర వేయించుకుని గాని లోపలికి పోకూడదు. ఆ ముద్రకు తారీఖు ఎప్పుడు దొరుకుతుందో, ఏం మెలిక పెడతారో అని దాని భయం. శాశ్వత నివాసపు కార్డు వస్తే ఈ బాధ ఉండదు. కాని ఉద్యోగంమీద ఇచ్చే ఆ కార్డుల్లో ఏ దేశం వాళ్ళకూ నూటికి ఏడుకు మించి ఇవ్వరాదని అక్కడ నియమం. మనవాళ్ళు లక్షలమంది వరసలో నిలబడ్డారు. అంచేత కూతురు రాలేదు, తల్లి వెళ్ళాలి. అంతే లెక్క.

నేను ముప్ఫయ్ అయిదేళ్ళు రెవిన్యూ ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి రిటైరయినవాణ్ణి. దరఖాస్తు అంటే నాకు భయంలేదు. "నువ్వెందుకురా, ఏజెంటుకి ఇస్తే పోయె" అంది అమ్మ. మా వీధిలోని ఏజెంటు దరఖాస్తు నింపడానికే అడిగిన డబ్బుతో ఇంట్లో నెల వెచ్చాలు వస్తాయి. పైగా అసలు వెబ్‌సైటు లాగానే కనిపించే నకిళ్ళు బోలెడు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వపు చిరునామా చివర 'డాట్ గవ్' అని ఉంటుంది. అది లేనిచోట ఈ దరఖాస్తు నింపవద్దని మా అబ్బాయి హెచ్చరించాడు. సరే, నేనే కూర్చున్నాను. అమ్మ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఈ దరఖాస్తు పేరు డీఎస్-160. పర్యాటకుడైనా, వ్యాపారస్థుడైనా, చుట్టపు చూపుకి పోయేవాడైనా ఇదే. తెరిచీ తెరవగానే ఒక నంబరు ఇస్తుంది, అది రాసిపెట్టుకోవాలి. ఇరవై నిమిషాలు ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే దానంతటది మూసుకుపోతుంది. మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనానికి కిటికీ మూసేవాళ్ళం. ఇది భోజనం చెయ్యకపోయినా మూసేస్తుంది.

మొదటి పేజీలో మొదటి గడి: ఇంటిపేరు.

అమ్మ పాస్‌పోర్టు తీసి చూశాను. అందులో ఇంటిపేరు గడి ఖాళీ. పేరు గడిలో మూడు మాటలున్నాయి: ఒక దేవత పేరు, ఒక నది పేరు, చివర 'అమ్మ' అని. ఇంటిపేరు లేదు. పాస్‌పోర్టు తీయించిన నాడు ఆధారాలన్నీ అలాగే ఉన్నాయి మరి. రేషను కార్డులో అంతే, ఓటరు కార్డులో అంతే, బ్యాంకు పుస్తకంలో అంతే.

ఇలాంటివాళ్ళకు అమెరికావారు ఒక ఏర్పాటు చేశారు. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటే ఆ పేరు మొత్తం ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు కొట్టాలి. వీసామీద కూడా అలాగే అచ్చవుతుంది. ఆ మూడక్షరాలకు అర్థం 'పేరు తెలియదు' అని.

ఆ మాట చెప్పగానే అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఎవరికి తెలియదూ?"

"ఎవరికీ తెలియదని కాదమ్మా. ఆ గడి ఖాళీగా ఉండకూడదుట. అందుకని..."

"పేరు తెలియనిదాన్నా నేను? ఊళ్ళో అందరికీ తెలుసే నా పేరు!"

నేను వివరించబోయాను. ఇదొక రివాజు, ఎందరో ఆడవాళ్ళకు ఇలాగే వేస్తారు, దీనివల్ల వచ్చే నష్టం లేదు అన్నాను. రెండో దారి కూడా చెప్పాను. పాస్‌పోర్టు మళ్ళీ తీయించుకుంటూ అందులో ఇంటిపేరు చేర్పించుకోవచ్చు. దానికి ఇంటిపేరున్న ఆధారాలు కావాలి, ముందు అవి సరిచేయించాలి. నెలలు పట్టవచ్చు.

అమ్మ కొంచెం సేపు ఊరుకుని, "చేర్పిస్తే ఏ ఇంటిపేరు చేర్పిస్తావురా?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. అమ్మే చెప్పింది: "పుట్టింటి పేరు పెళ్ళినాడే పోయింది. మెట్టినింటి పేరు ఎవరూ కాగితంమీద వెయ్యలేదు. శుభలేఖల్లో మీ నాన్న పేరు ముందు ఉండేది, నా పేరు ముందు ఉండేది కాదు."

యాభై ఏళ్ళ సంసారంలో అమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదు. అనవలసిన అవసరం రాలేదు కాబోలు. అమెరికావాడి గడి ఒకటి ఖాళీగా కనిపించేసరికి అన్నది.

నిజానికి ఇంటిపేరు మనకు మహా ముఖ్యం. పేరుకు ముందు ఉంటుంది. ఊరిపేరో, వృత్తిపేరో, తాతముత్తాతల్లో ఎవరి బిరుదో దానిలో దాగి ఉంటుంది. సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు కుర్రవాడి చదువుకన్నా ముందు అడిగేది ఇంటిపేరే. పడమటివాళ్ళకు అదే పేరు చివర ఉంటుంది. ఈ ముందువెనకల వల్ల మన పెద్దవాళ్ళే చిక్కులు పడ్డారు. పాములపర్తి వారి నరసింహారావుగారు ప్రధానమంత్రిగా ఉన్నన్నాళ్ళూ విదేశీ పత్రికలు ఆయన్ని ఉత్త 'రావు'గారనే రాశాయి. నీలం సంజీవరెడ్డిగారు వాళ్ళకు 'రెడ్డి'గారు. రాధాకృష్ణన్ గారి ముందున్న సర్వేపల్లి అన్నది ఊరిపేరు, ఇంటిపేరు అని తెలిసిన తెల్లవాళ్ళు ఎందరుంటారు? ఇప్పటివాళ్ళు తెలివిగా అక్కడికి వెళ్ళగానే ఇంటిపేరును వెనక్కి జరుపుకుంటున్నారు. నాదెళ్ళ సత్యనారాయణగారు సత్య నాదెళ్ళ అయింది అలాగే.

మగవాళ్ళ సంగతి ముందువెనకల పేచీయే. ఆడవాళ్ళది ఉందా లేదా అన్న పేచీ. ఇది అమెరికాతోనే పోదు. 2022 నవంబరులో దుబాయి, అబుదాబి ఉన్న ఎమిరేట్సువారు, పాస్‌పోర్టులో ఒంటిపేరు మాత్రమే ఉన్నవాళ్ళను పర్యాటక వీసామీద రానివ్వమని ప్రకటించారు. తరువాత, పాస్‌పోర్టు వెనక పేజీలో తండ్రి పేరుగాని ఇంటిపేరుగాని ఉంటే సరేనన్నారు. ఈలోగా టిక్కెట్లు కొనుక్కున్నవాళ్ళ గుండెలు ఎంత కొట్టుకుని ఉంటాయో ఊహించవచ్చు.

ఇంతకీ మేము ఎఫ్.ఎన్.యు. తోనే పోదామని నిశ్చయించాము. నిశ్చయించింది అమ్మే. "నెలలంటున్నావు. నాకు నెలలు లెక్కపెట్టుకునే వయసా? పేరు తెలియదనుకుంటే అనుకోనీ. పిల్లకు తెలుసు కదా" అంది.

ఆ పేజీలోనే కొంచెం కిందుగా మరో గడి ఉంది. 'మీ పూర్తిపేరు మీ సొంత లిపిలో' రాయమంటుంది. చాలామంది ఆ గడి పక్కనే ఉన్న 'వర్తించదు' అన్న దానిమీద ఒక నొక్కు నొక్కి ముందుకు పోతారు. నేనూ ఆ నొక్కే నొక్కబోతూ, అదేమిటో అమ్మకు చదివి చెప్పాను.

"తెలుగులోనా?"

"తెలుగులోనే."

"ఇందులో ఇంటిపేరు వెయ్యొచ్చా?"

పూర్తిపేరు అంటున్నాడు గనక వెయ్యవచ్చు అన్నాను. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. తనే కొడతానంది. తెలుగు అక్షరాలు తెరమీద వచ్చేటట్లు మా అబ్బాయి అమర్చి ఇచ్చాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒత్తులు ఎక్కడున్నాయో అడుగుతూ మొదలుపెట్టింది. ముందు మెట్టినింటి పేరు కొట్టింది. చూసుకుంది. తన పేరు మొదలుపెట్టింది. ఆ నదిపేరు దగ్గర ఒత్తు తప్పిపోయి, చెరిపి, మళ్ళీ కొట్టేలోపల ఇరవై నిమిషాలూ అయిపోయి దరఖాస్తు మూసుకుపోయింది! మళ్ళీ మొదటినుంచి. రెండోసారి పదిహేను నిమిషాల్లో ముగించింది. ఇంటిపేరుతో సహా అమ్మ పేరు మొత్తం ఒక సర్కారు కాగితంలో కనిపించడం నేను చూసినంతలో అదే మొదలు. ఆ సర్కారు మనది కాకపోతేనేం?

మరోచోట 'ఇంకేమైనా పేర్లు వాడారా, పెళ్ళికి ముందు పేరు ఉన్నదా' అని అడుగుతాడు. అక్కడ పుట్టింటి పేరు వేశాము. కాగితాలమీద అక్కడా లేక ఇక్కడా లేక పోయిన రెండు ఇంటిపేర్లూ ఇలా చెరో గడిలో కుదురుకున్నాయి.

తరువాతివి తారీఖులు. అమ్మ పుట్టింది ఖరనామ సంవత్సరం శ్రావణమాసం. పాస్‌పోర్టులో ఉన్నది 1951 జులై 1. ఆ రోజుల్లో బడిపంతుళ్ళు చేసిన పుణ్యాన మన దేశంలో సగంమంది జులై ఒకటినే పుట్టినట్టుంటారు. పాస్‌పోర్టులో ఏదుంటే అదే వెయ్యాలి గనక ఆ పేచీ లేదు. కాని అమ్మ తల్లిదండ్రుల పుట్టిన తేదీలు కూడా అడుగుతాడు. మా అమ్మమ్మ పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? దయతలచి 'తెలియదు' అని ఒక గడి పెట్టాడు. అక్కడ అమ్మకు కోపం రాలేదు. "అది నిజమే, తెలియదు" అంది.

భర్త పోయారని సూచించగానే ఆయన పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు అడిగే పేజీ వచ్చింది. అవి అమ్మ తడుముకోకుండా చెప్పింది, ఊరి పేరు అక్షరాలు కూడా పొల్లుపోకుండా. నేను కొడుతూంటే తెరవంక చూడలేదు.

నవ్వు తెప్పించే ప్రశ్నలూ ఉన్నాయి. గడిచిన అయిదేళ్ళలో ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రామ్ లాంటివాటిలో ఏ పేరుతో ఉన్నారో చెప్పమంటాడు. ఇది 2019నుంచి చేర్చారు. మీరు ఏదైనా తెగకు చెందినవారా అని మరో ప్రశ్న. "గోత్రం చెప్పాలేమో" అంది అమ్మ. అక్కర్లేదని 'కాదు' అన్నాము. ఆ తరువాత అయిదు పేజీలు వరసగా వస్తాయి: మీకు అంటురోగాలున్నాయా, మత్తుమందులు అమ్మారా, గూఢచారి పని చెయ్యబోతున్నారా, ఉగ్రవాదులకు డబ్బిచ్చారా, జాతిసంహారంలో పాల్గొన్నారా, ఎవరినైనా చిత్రహింసలు పెట్టారా? ఒక్కొక్కటీ తెలుగు చేసి అడగవలసింది నేను. కొన్ని తల్లిని కొడుకు అడగగలిగినవి కావు. అవి నేనే మింగి 'లేదు' అని నొక్కాను. చిత్రహింసల దగ్గర మాత్రం మా ఆవిడ వంటింట్లోనుంచి తొంగిచూసింది. అమ్మ కూడా అటే చూసి, "లేదని వెయ్యరా, కోడలు సాక్ష్యం చెబుతుంది" అంది.

అమెరికావాణ్ణి చూసి నవ్వేముందు ఒక్క సంగతి చెప్పాలి. విదేశస్థులు ఇంట్లో కూర్చుని మన దేశానికి వీసా అడిగే పద్ధతి 2014 నవంబరు 27న 43 దేశాలవారితో మొదలైంది. చెల్లెలి పక్కింటి అమెరికావాడు మన దేశం చూడడానికి ఆ దరఖాస్తు నింపాడట. అందులో మతమేమిటి, ఒంటిమీద కనిపించే గుర్తులేమిటి, తాతముత్తాతలు పాకిస్తాను వాళ్ళా అని అడిగేసరికి బిత్తరపోయాడట. పుట్టుమచ్చలు ఎక్కడున్నాయో రాయడం మనకు ఎస్సెల్సీ నాటినుంచి అలవాటే; పాపం, వాడికి కొత్త. ఎవరి గుమ్మం దగ్గర వాళ్ళకు వాళ్ళ అనుమానాలు. గుమాస్తాగా నాకది కొంత అర్థమైంది.

ఫొటో సంగతి. రెండంగుళాల చదరం, తెల్లటి వెనకభాగం, ఆరునెలల లోపు తీసింది కావాలి. 2016 నవంబరునుంచి కళ్ళజోడు ఉండకూడదు. మా ఊరి ఫొటోగ్రాఫరు ఉత్సాహపడి అమ్మ ముఖంమీది ముడతలన్నీ చెరిపేశాడు. అలా దిద్దిన ఫొటో పనికిరాదు. "ఉన్నది ఉన్నట్టు తియ్యి నాయనా. పిల్ల గుర్తుపట్టాలి" అని మళ్ళీ కూర్చుంది అమ్మ.

చివర, ఈ దరఖాస్తు నింపడంలో మీకెవరైనా సాయపడ్డారా అని అడుగుతాడు. నా పేరు వేశాను. సాయం ఎవరు చేసినా సంతకం మాత్రం దరఖాస్తుదారే చెయ్యాలి. సంతకమంటే పాస్‌పోర్టు నంబరు వేసి మీట నొక్కడమే. అది అమ్మచేత నొక్కించాను. అడ్డగీతలున్న కాగితం ఒకటి వచ్చింది. దాని అచ్చు తీసి దేవుడి గూట్లో పెట్టింది.

అక్కడితో అయిపోలేదు. రుసుము కట్టాలి. 2023 జూన్ 17న 160 డాలర్లనుంచి 185కి పెంచారు. మేము కట్టినదీ అదే, రమారమి పదహారు వేల రూపాయలు. వీసా ఇచ్చినా ఇవ్వకపోయినా అది తిరిగి రాదు. తరువాత రెండు తారీఖులు: ఒకనాడు వేలిముద్రలు, ఫొటో, మరొకనాడు ముఖాముఖి. ఎన్నాళ్ళు ఆగాలన్నది నగరాన్ని బట్టి, రోజును బట్టి మారుతూ ఉంటుంది.

అసలు భయం ఆ ముఖాముఖిదే. 1952లో చేసిన వలస చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. దాని ప్రకారం, వీసా అడిగిన ప్రతివాడూ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే అధికారి అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవలసింది అడిగినవాడే. ఇల్లు, పొలం, పింఛను, పిల్లలు, ఇవన్నీ ఆ రుజువులో భాగాలు. నేను ఫైలు కట్టాను: ఇంటి దస్తావేజు, నాన్నగారి కుటుంబ పింఛను కాగితం, బ్యాంకు పుస్తకం. అమ్మకు పాఠం కూడా చెప్పబోయాను. "తిరిగి ఎందుకొస్తారు అని అడిగితే ఏమంటావమ్మా?"

"ఎందుకు రానూ?" అంది. ఆవిడకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. నేనూ పాఠం మానేశాను.

హైదరాబాదులో ఈ కాన్సులేటు 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో సొంత భవనానికి మారింది. లోపలికి దరఖాస్తుదారును మాత్రమే పోనిస్తారు. నేను బయట చెట్టుకింద నిలబడ్డాను. గంటన్నరకు అమ్మ వచ్చింది, ఫైలు చంకలో అలాగే ఉంది. ఒక్క కాగితమూ అడగలేదట. తెలుగులోనే మాట్లాడారట.

"ఎవరి దగ్గరికి అన్నాడు. పిల్ల దగ్గరికన్నాను. ఎన్నాళ్ళుంటారు అన్నాడు. మా వారి తద్దినం వైశాఖంలో వస్తుంది, ఆ లోపల వచ్చెయ్యాలి అన్నాను. పాస్‌పోర్టు తీసుకుని వెళ్ళమన్నాడు."

"ఇచ్చినట్టేనమ్మా!" అన్నాను.

"నా పేరు పిలిచాడురా. మొత్తం పిలిచాడు" అంది. తెలుగు గడిలోది చూసి పిలిచాడో, పాస్‌పోర్టులోది చూసి పిలిచాడో నేను అడగలేదు.

వీసా పదేళ్ళకు వచ్చింది. అంతమాత్రాన పదేళ్ళు ఉండమని కాదు; వెళ్ళిన ప్రతిసారీ ఎన్నాళ్ళు ఉండవచ్చో అక్కడ విమానాశ్రయంలోని అధికారి నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరునెలలు. వీసామీద ఎఫ్.ఎన్.యు. అని నల్లటి అక్షరాలతో ఉంది. టిక్కెట్టులో పేరు కూడా దాంతో సరిపోయేటట్టు చూసుకున్నాము.

అమ్మ వెళ్ళి మూడు నెలలైంది. ఫోనులో ఎక్కువసేపు మాట్లాడటం లేదు. మునుపు రోజూ గంటసేపు మాట్లాడే చెల్లెలూ మాట్లాడటం లేదు. ఇద్దరూ ఒకచోట ఉన్నారు మరి. మొదటివారం ఇద్దరూ నాన్నగారి గురించి మాట్లాడుకుని ఏడ్చారట. నాలుగేళ్ళు ఆలస్యమైన ఏడుపు అది.

చదువరులకు ఒక్కటి మనవి చేస్తాను. మీ ఇంట్లోనూ అమ్మలు, అత్తలు, అమ్మమ్మలు ఉంటారు. వాళ్ళ పిల్లలు ఏ దేశంలోనో ఉంటారు. ఇవాళ తీరిక చేసుకుని ఆ ఆడవాళ్ళ కాగితాలు ఒక్కసారి తీసి చూడండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ప్రయాణం తలపెట్టకముందే, ఏ తొందరా లేనప్పుడే, ఆధారాలన్నీ ఒకదానితో ఒకటి సరిపోయేట్టు దిద్దించి, పాస్‌పోర్టులో చేర్పించండి. ఏ ఇంటిపేరు అన్నది మాత్రం మీరు నిర్ణయించకండి. వాళ్ళనే అడగండి.